నా కదలికను ఎరిగినదెవరు?

ధ్యానమునకు: కీర్తన 139, యోబు 7:17-20, నిర్గమకాండము 3:7-8



139వ కీర్తనను మనలో చాలమంది చిన్నతనమునుండి వినుచున్నాము. సండేస్కూలు పిల్లలకు నేర్పుదుము. రోగి మంచము ప్రక్కన చదువుదుము. దూరప్రయాణమునకు బయలుదేరువారికి చదివి ప్రార్థన చేయుదుము. చదివినప్పుడెల్ల అది ఓదార్పు కీర్తన అనియే తలంచుదుము. కాని నెమ్మదిగా చదివి చూడుడి. దేవుడు తన ప్రతి కదలికను ఎరుగునని గ్రహించినప్పుడు కీర్తనకారునికి కలిగిన తలంపులలో పారిపోవలెనను తలంపు కూడ ఉన్నది. పైకి పోదునా, క్రిందికి పోదునా, సముద్రపు చివరకు పోదునా, చీకటిలో దాగుదునా అని అతడు దారులన్నిటిని వెదకి చూచుచున్నాడు. తన్ను ఎవరో ఎల్లప్పుడు కనిపెట్టుచున్నారను సంగతి మనుష్యునికి అంత సులభముగా మింగుడుపడదు. ఈ నెల దీనినే మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను. నన్ను ఈ ఆలోచనలోనికి దింపినది ఒక చిన్న పట్టీ.

మన సంఘములో పెరిగి, ఇప్పుడు పట్టణములో నెలలు నిండకముందే పుట్టిన శిశువుల వార్డులో నర్సుగా పనిచేయుచున్న ఒక సహోదరి క్రిస్మసు సెలవులకు ఊరికి వచ్చినప్పుడు మా యింటికి వచ్చి తన పనినిగూర్చి చెప్పెను. ఆ పిల్లలలో కొందరు కిలో బరువైనను ఉండరట. గుండెకు తీగెలు, ఊపిరికి తీగె, రక్తములోని ప్రాణవాయువును చూచుటకు పాదమునకు చుట్టిన మరియొక తీగె. "అయ్యగారూ, తీగెలు పెట్టడం కష్టం కాదండి, తీయడమే కష్టం. బంక ఊడదీసేటప్పుడు దానితోబాటు చర్మం కూడా వచ్చేస్తుంది. ఉల్లిపొరలాగ ఉంటుంది వాళ్ల చర్మం" అనెను. తల్లి బిడ్డను ఎత్తుకొనవలెనన్న ముందుగా ఆ తీగెలన్నిటిని సర్దవలెను. కొందరు తల్లులు ఎక్కడ ఏది ఊడునో అని భయపడి, ఎత్తుకొనకయే, అద్దాల పెట్టె ప్రక్కన నిలువబడి చూచి వెళ్లిపోవుదురట. తరువాత ఆమె తన ఫోనులో ఒక చిత్రమును చూపెను. అది అమెరికాలోని చికాగో నగరములో తీసినది. ఒక శిశువు రొమ్ముమీద మెత్తని పట్టీ ఒకటి, పాదమునకు ఒకటి ఉన్నవి. తీగె ఒక్కటియు లేదు.

ఇది ఎట్లు సాధ్యమాయెనో తెలిసికొనవలెనని నేను కొంత చదివితిని. నేను సైన్సు చదివినవాడను కాను. నాకు అర్థమైనంతమట్టుకు చెప్పెదను.

ఈ పని చేసినవారిలో ముఖ్యుడు జాన్ రోజర్స్ అను శాస్త్రజ్ఞుడు. ఆయన ఇల్లినాయి విశ్వవిద్యాలయములో ఉండగా, 2011 ఆగష్టులో, ఆయనయు ఆయన తోటివారును చర్మమువలె సాగి చర్మమువలె ముడుచుకొను విద్యుత్ పరికరమునొకదానిని "సైన్స్" పత్రికలో ప్రకటించిరి. అది తలవెంట్రుకకన్న పలుచనిది. తిరునాళ్లలో పిల్లలు కొనుక్కొని నీళ్లతో చేతికి అంటించుకొను బొమ్మలు చూచియుందురు గదా, ఇంచుమించు అట్లే చర్మమునకు అంటుకొనును. సిలికాను అనునది గాజువలె పెళుసైన పదార్థము. మరి అది వంగుట యెట్లు? వెదురుబొంగును వంచబోయినచో విరుగును. దానినే పలుచని బద్దలుగా చీల్చినచో బుట్ట అల్లుకొందుము. పెళుసుదనము పదార్థములోనే కాదు, మందములో కూడ ఉన్నది. ఇక సాగుట మాట. మన గుడిలోని హార్మోనియము తిత్తిని తలంచుకొనుడి. ఆ అట్టగాని తోలుగాని సాగదు. మడతలు విప్పుకొనును, మరల మూసికొనును. ఈ పట్టీలోని లోహపు తీగెలను కూడ పామువలె మెలికలు మెలికలుగా పరచి, మెత్తని రబ్బరువంటి పొరలో ఉంచిరి. చర్మము సాగినప్పుడు మెలికలు విప్పుకొనునే గాని తీగె తెగదు.

రోజర్స్ తరువాత చికాగో దగ్గర ఉన్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమునకు మారెను. అక్కడ ఆయనయు వైద్యులును కలిసి చేసిన పట్టీలే ఆ నర్సు నాకు చూపినవి. వాటినిగూర్చి 2019లో ప్రకటించిరి. అప్పటి పట్టీలలో బ్యాటరీయైనను లేదు. పరుపు క్రింద ఉంచిన ఆంటెనానుండి తమకు కావలసిన శక్తిని గ్రహించి, గుండె కొట్టుకొనుటను, ఊపిరిని, వేడిమిని తీగె లేకయే తెలుపుచుండెను. 2020లో ప్రకటించిన పట్టీలైతే బిడ్డ ఎటు తిరిగి పండుకొన్నది, ఎంత కదలినది, ఎట్లు ఏడ్చినది అనునవి కూడ కనిపెట్టగలవు. అదే 2019లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో జెనాన్ బావో అను శాస్త్రజ్ఞురాలును ఆమె తోటివారును మరియొక విధమైన పట్టీని చేసిరి. మణికట్టుమీద అంటించిన యెడల నాడిని, పొట్టమీద అంటించిన యెడల ఊపిరిని, మోచేతిమీదను మోకాలిమీదను అంటించిన యెడల చేయి కాలు వంగుటను అది బట్టకు తగిలించిన చిన్న యంత్రమునకు తెలుపును. చర్మము సాగినకొలది దాని ఆంటెనాయు సాగును. ఆ మార్పే వార్త. పక్షవాతము వచ్చి మాట పడిపోయినవారి గొంతుమీద అంటించి, వారు మ్రింగుటను, మాటాడ ప్రయత్నించుటను కనిపెట్టు పట్టీలను కూడ 2018లో చూపిరి.

ఇదంతయు విన్నప్పుడు నా మనస్సు మొదట స్తోత్రముతో నిండెను. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరములో, ఆసుపత్రిలో వెచ్చని పెట్టెలు చాలక, ఎడ్గార్ రే అను వైద్యుడు నెలలు నిండని బిడ్డలను తల్లి రొమ్మునకే ఆనించి కట్టించెను. నేడు లోకమంతట దానిని కంగారు పద్ధతి అనుచున్నారు. తల్లి చర్మమే బిడ్డకు వేడిమి. అటువంటప్పుడు తల్లికిని బిడ్డకును నడుమ అడ్డుగా ఉన్న తీగెలను తీసివేసిన చేయి ధన్యమైన చేయి అని చెప్పుటకు నాకు సంకోచము లేదు. కొందరు బోధకులు క్రొత్త యంత్రము ఏది వచ్చినను దానిలో ప్రకటన గ్రంథములోని ముద్రను చూచెదరు. చర్మమునకు అంటునది అనగానే ఇక చెప్పనక్కరలేదు. నాకు ఆ తొందర లేదు. బిడ్డను ఎత్తుకొనుమని తల్లిని పిలుచునది మృగముయొక్క పని కాదు.

అయినను రెండవ తలంపు నన్ను విడువలేదు. మంచముమీద ఉన్న రోగికి మంచిదైనది నడుచు కూలివానికి ఏమగును? మన దేశములోనే చండీగఢ్, నాగపూరు మొదలైన నగరములలో వీధులు ఊడ్చువారి చేతులకు గడియారమువంటి యంత్రములను తొడిగించి, వారు ఎక్కడ నడిచిరో, ఎక్కడ నిలిచిరో కార్యాలయమునుండి చూచుచుండిరి. 2020 ప్రాంతమున ఆ కార్మికులు దానిని ఎదిరించి మొరపెట్టుకొనిరి. మూత్రమునకు వెళ్లినను, చెట్టు నీడను కూర్చుండినను ఎవరో చూచుచుండగా మనుష్యుడు ఎట్లు ఊపిరి తీసికొనును? అది చేతి గడియారము. విప్పి పక్కన పెట్టవచ్చును. చర్మముతో కలిసిపోయి, తొడుగుకొన్నానని కూడ మరచిపోవునది వచ్చినప్పుడు?

యోబు సరిగా ఈ మొరనే పెట్టుకొనెను. ఏడవ అధ్యాయములో అతడు దేవునితో మాటాడిన తీరు చూచినచో మనము గుడిలో అట్టి ప్రార్థన చేయుటకు భయపడుదుము. నీవు మనుష్యులను కాపలా కాయువాడవు. ప్రతి ఉదయము వచ్చి తనిఖీ చేయుచున్నావు. నా ఉమ్మి మ్రింగుకొనునంత సేపైనను నన్ను విడువవా అని అడిగెను. (గొంతుమీది పట్టీ మ్రింగుటను లెక్కించునని చదివినప్పుడు ఈ మాటయే నాకు జ్ఞాపకమునకు వచ్చెను.) కీర్తనకారుడును యోబును ఒకే దేవుని చూపు క్రింద ఉన్నారు. ఒకనికి అది చివరకు ఆశ్రయమాయెను, ఒకనికి అది భరింపరాని భారమాయెను. చూపులో భేదము ఎక్కడ ఉన్నది? చూడబడుట మేలా కీడా అని అడుగుట చాలదనియు, చూచినవాడు తరువాత ఏమి చేయుచున్నాడని అడుగవలెననియు నాకు తోచుచున్నది.

ఇక్కడ నా తప్పిదము ఒకటి ఒప్పుకొనవలసియున్నది. సెమినరీలో మాకు గృహదర్శనముల పుస్తకము వ్రాయుట నేర్పిరి. తేది, ఇంటివారి పేరు, చదివిన వాక్యభాగము, ప్రార్థన చేసితిమా లేదా. మంచి అలవాటే, ఇరువది యేండ్లనుండి తప్పక వ్రాయుచున్నాను. మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నాడు. చాల కాలము కోశాధికారిగా ఉండి, కానుకల లెక్కలు ముత్యములవంటి అక్షరములతో వ్రాసినవాడు. ఆయన యిల్లు నా పుస్తకములో ఒక్క సంవత్సరములో పదకొండుసారులు కనబడుచున్నది. పదకొండుసారులు నేను ఆ యింట కూర్చుండి, టీ త్రాగి, ప్రార్థించి వచ్చితిని. ఆ సంవత్సరమే ఆయన చొక్కా గుండీలు పెట్టుకొనుట మానివేసెనని, ప్రభుభోజనపు గిన్నె అందుకొనునప్పుడు రెండవ చేతితో మొదటి చేతిని పట్టుకొనుచుండెనని, నడుచునప్పుడు కుడిచేయి ఊగుట లేదని నేను చూడనైతిని. చూచినది వేసవి సెలవులకు వచ్చిన మనుమరాలు. పట్టణమునకు తీసికొనిపోగా వైద్యుడు పార్కిన్సన్ వ్యాధి అని చెప్పెను.

ఆ వ్యాధికి పేరు ఇచ్చిన జేమ్సు పార్కిన్సన్ లండనులో వైద్యుడు. 1817లో ఆయన వణుకు వాతమునుగూర్చి చిన్న పుస్తకము వ్రాసెను. అందులో వర్ణించినది ఆరుగురినే. ఆ ఆరుగురిలో కొందరిని ఆయన వీధిలో నడచిపోవుచుండగా చూచెనేగాని వారు ఆయన రోగులు కారు. ఆయనకు పట్టీ లేదు, యంత్రము లేదు. వీధిలో పోవు పరాయివాని నడకను అంత శ్రద్ధగా చూచెను. నేను కుర్చీ ఎదుట కుర్చీ వేసికొని కూర్చుండి కూడ చూడలేదు.

కావున యంత్రమును నిందించుటకు నాకు నోరు రాదు. నేడు అట్టి రోగుల ఒంటికి పట్టీలను అంటించి, పగలు రాత్రి వారి వణుకును నడకను కొలిచి, మందు ఎంతసేపు పనిచేయుచున్నదో వైద్యులు తెలిసికొన ప్రయత్నించుచున్నారు. వైద్యునియెదుట కూర్చుండిన పదినిమిషములలో కనబడనిది ఆ విధముగా కనబడును. నా పుస్తకముకన్న ఆ పట్టీ నమ్మకమైనది. కాని దానికిని నా పుస్తకమునకును ఒక పోలిక కూడ కలదు: రెండును వ్రాసికొనును, రెండును లేచి రావు.

నిర్గమకాండము మూడవ అధ్యాయములో దేవుడు మోషేతో చెప్పిన మాటలలోని క్రియలను గమనింపుడి. ఐగుప్తులో తన ప్రజలు పడు బాధను ఆయన చూచెను. వారి మొర వినెను. వారి దుఃఖమును ఎరిగెను. అక్కడితో ఆగక దిగివచ్చెను. అదే ప్రజలను ఫరో కూడ చూచుచుండెను సుమీ! వెట్టిపని చేయించు అధికారులు దినదినము వారు చేసిన ఇటుకల లెక్క చూచుచుండిరి. ఒక్క ఇటుక తగ్గినను ఎరుగుదురు. ఫరో కార్యాలయములో ఇశ్రాయేలీయుల కదలికలనుగూర్చి ఉన్నంత వివరము మోషేకైనను తెలియదు. ఒకే ప్రజ, ఒకే చెమట, రెండు చూపులు. ఒక చూపు ఇటుకలు పెంచుటకు, ఒక చూపు సంకెళ్లు విప్పుటకు. చండీగఢ్ కార్మికుని చేతి గడియారము, చికాగో శిశువు రొమ్ముమీది పట్టీ, రెండును ఇంచుమించు ఒక జాతి యంత్రములే. కాని వాటి ఆవలి కొసను ఎవరు పట్టుకొనియున్నారు?

చూచుటలో మరియొక చిక్కు ఉన్నది. ముసలివాడైన ఇస్సాకు కన్నులు కనబడక, చేతితో తడవి కుమారుని గుర్తుపట్టజూచెను. రిబ్కా యాకోబు చేతులకును మెడకును మేకపిల్లల తోలు కప్పియుండెను. చర్మముమీద కప్పిన ఆ తోలు ఇస్సాకు వ్రేళ్లకు అబద్ధము చెప్పెను. స్వరము వేరొకనిదని అతని చెవి చెప్పినను, అతడు వ్రేళ్లనే నమ్మెను. చర్మము చెప్పు వార్త నిజమైనదే కావచ్చును గాని మనుష్యుడంతయు ఆ వార్తలో లేడు. చేయి వణుకుట వ్యాధివలన కావచ్చు, చలివలన కావచ్చు, కోపమువలన, ఆకలివలన, కొడుకు ఫోను చేయునని ఎదురుచూచుటవలన కావచ్చు. మంచి వైద్యునికి ఈ సంగతి తెలియును, అతడు కాగితముమీది గీతను చూచి, తలయెత్తి, "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడుగును. ప్రభువు కూడ జనసమూహములో తన వస్త్రము ముట్టబడినప్పుడు, తనలోనుండి ప్రభావము వెళ్లినదని ఎరిగియుండియు, ఎరిగితిని గదా యని సాగిపోలేదు. నిలిచెను, తిరిగెను, ముట్టినది ఎవరని అడిగెను. ఆ స్త్రీ వచ్చి తన సంగతి యావత్తును తన నోటితోనే చెప్పుకొనువరకు ఆగెను. యాయీరు యింటిలో బిడ్డ చావ సిద్ధముగా ఉన్నది; తొందర చాల ఉన్నది; అయినను ఆగెను.

మన శరీరములు మన సొత్తు కావని అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసెను గదా, అట్లయిన మన కదలికలను ఎవరు చూచిన ఏమి అని ఒక యౌవనుడు నన్ను అడిగెను. మంచి ప్రశ్న. కాని శరీరము మన సొత్తు కాకపోయినంతమాత్రమున యజమానుని సొత్తు కాదు, కంపెనీ సొత్తు కాదు, కన్నకొడుకు సొత్తు కూడ కాదు. అది దేవుని ఆలయము. ఆలయములోనికి తలుపు తట్టకుండ దూరుట ఎవరికి తగును? 2017లో మన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కలిసి, తన ఏకాంతమును కాపాడుకొనుట మనుష్యుని ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పిరి. దేవుడైతే ఏ తీర్పునకును లోబడినవాడు కాడు. అయినను ఆ కీర్తన చివర చూడుడి. అంతవరకు పారిపో జూచిన మనుష్యుడు తానే తిరిగి, నన్ను పరిశోధింపుమని ఆయనను లోనికి పిలుచుచున్నాడు. అన్నియు ఎరిగిన దేవుడు కూడ పిలుపు కొరకు కనిపెట్టెనని నేను ఆ వచనములను చదువుచున్నాను. వేరు విధముగా చదువువారు ఉండవచ్చును.

మన ఇండ్లలో తప్పిపోవుచున్నది ఇదియే. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న బిడ్డలు ప్రేమచేతనే తల్లిదండ్రుల యిండ్లలో కెమెరాలు పెట్టించుచున్నారు, చేతులకు యంత్రములు తొడుగుచున్నారు. నేను వారిని తప్పుపట్టను. దూరముగా ఉన్న బిడ్డల భయము నాకు తెలియును. కాని అమ్మను అడిగితిరా? వద్దని ఆమె చెప్పుటకు చోటిచ్చితిరా?

నేను చెప్పిన పెద్దాయనకు చికాగో పట్టీ రాలేదు. అటువంటివి ఇంకను మన పల్లెల దాకా రాలేదు. ఆయన రెండుసార్లు రాత్రివేళ పెరటిలో పడిన తరువాత, హైదరాబాదులో ఉన్న కుమారుడు చేతి గడియారమొకటి కొని తెచ్చెను. మనిషి పడినచో అది ఎరిగి, ఎవరికి చెప్పవలెనో వారికి ఫోను చేయును. పెద్దాయన మూడు వారములు దానిని పెట్టెలోనుండి తీయలేదు. కుమారుడు నన్ను చెప్పుమని కోరగా నేను వెళ్లితిని. ఈసారి పుస్తకము తీసికొనిపోలేదు.

"పెట్టుకొంటే మీకేమి నష్టము పెద్దయ్యా?" అని అడిగితిని.

"నష్టమేం లేదు అయ్యగారూ. నేను పడితే అది హైదరాబాదుకు చెబుతుంది. హైదరాబాదు నించి మావాడు వచ్చేసరికి తెల్లారుతుంది. ఈలోగా వాడికి నిద్ర లేదు, నాకు దిక్కు లేదు. ఇద్దరం బాధపడడానికి అంత డబ్బు పోశాడు" అనెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఆయన కోడలు టీ తెచ్చెను. కొంతసేపటికి నేను, మొదటి నంబరుగా నాది పెట్టుమని కుమారునికి ఫోనులో చెప్పితిని. మా యిల్లు ఆ యింటికి మూడు వందల గజములు. ఆ మాట విని పెద్దాయన కొంచెము ఆలోచించి, "రాత్రి పూట మీకు శ్రమ కాదా?" అని అడిగెను. అగునని చెప్పితిని. అప్పుడు చేయి చాపెను. కట్టునప్పుడు ఆ వణుకును నేను మొదటిసారి నా వ్రేళ్లతో ఎరిగితిని. చెట్టుకు చుట్టుకొనిన పిట్టను పట్టుకొన్నట్లుండెను.

ఆరవ రాత్రి రెండు గంటలకు నా ఫోను మ్రోగెను. చెప్పులైనను వేసికొనక పరుగెత్తితిని. తలుపు దగ్గరగా వేసియున్నది. లోపల దీపము వెలుగుచుండెను. ఆయన మంచము ప్రక్కన నేలమీద మోకాళ్లమీద ఉండెను. ఎక్కడను దెబ్బ లేదు. నిద్రపట్టక ప్రార్థనకు మోకరించబోయి, కాళ్లు పట్టుతప్పి ఒక్కసారిగా మోకాళ్లమీద వాలెనట. యంత్రము దానిని పడుట అని లెక్క వేసినది.

నన్ను చూచి నవ్వి, "వచ్చారు గదా అయ్యగారూ, కూర్చోండి. నాకు ఒక్కడికే ఇంతసేపు మోకరించడం కష్టంగా ఉంది" అనెను. నేను ఆయన ప్రక్కన మోకరించితిని.